చప్పుడు లేని సైకిలు

నవంబరు 26

ఒరేయ్ తమ్ముడూ,

నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నావని మరదలు రాసిన ఉత్తరం అందిన మూడో రోజుకే నీ సైకిలు కూడా ఊళ్ళో దిగింది. పార్సిలు ఆఫీసువాళ్ళు కింద ఇంటావిడకి ఫోన్ చేసి చెప్పారట. ఏదో సామాను పంపావనుకుని వెళ్ళాను. చూద్దును కదా, గోనెసంచులు చుట్టుకుని నీ నల్ల సైకిలు గోడకి ఆనుకుని ఉంది. హ్యాండిలుకి ఒక చీటీ. "అక్కా, ఈ చలికాలం నా కాలు కట్టులో ఉంటుంది. నా బదులు నువ్వు తొక్కు. ఎలా ఉందో రాయి. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకు." కాలు విరిగింది గానీ నీ పెత్తనం మాత్రం చెక్కు చెదరలేదు. ఇన్నాళ్ళూ కాలు కాలిన పిల్లిలా తిరిగావు, ఇప్పుడు కాలు విరిగిన పిల్లివయ్యావు. మరదలికి కాస్త విశ్రాంతి అనుకుంటా.

యాభై మూడేళ్ళొచ్చాక సైకిలేమిటని రెండు రోజులు దాన్ని మెట్ల కింద పెట్టి చూస్తూ ఊరుకున్నాను. మూడో రోజు బస్సు రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, ఇంక నీ మీద తిట్లు మొదలుపెట్టి, దాన్ని బయటికి తీశాను.

మొదటి ఐదు నిమిషాలూ తిడుతూనే ఉన్నాను. ముక్కు లేదు, వేళ్ళు లేవు, మోకాళ్ళు ఎవరివో తెలియదు. సందు చివర సైకిల్ షాపతను షట్టరు ఎత్తుతూ నన్ను చూసి నోరు తెరిచాడు. చూడకుండా వెళ్ళిపోయాను. బేకరీ దాటేసరికి ఏదో అయింది. మెడ వెనక మొదలైంది వెచ్చదనం. భుజాల్లోకి దిగింది, అరచేతుల్లోకి పాకింది. రొట్టెల వాసన వంతెన దాకా నాతోనే వచ్చింది. వంతెన మీద ఆగాను. కింద నీళ్ళ మీద పొగమంచు పరుచుకుని ఉంది. అవతలి గట్టు లేదు. మా ఫ్యాక్టరీ గొట్టం ఒక్కటీ తెల్లదనంలోంచి తల పైకెత్తి చూస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే వంతెన మీంచి బస్సులో వెళ్తున్నానా, ఒక్కసారైనా దాన్ని చూశానా!

పనికి వెళ్ళేసరికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయట. జ్వరమా అని అడిగారు. కాదు, సైకిలు అన్నాను.

ఫోన్ చెయ్యొద్దు. నీ గొంతు బావిలోంచి వస్తున్నట్టుంటోంది, సగం మాటలు అందవు. మీ ఊరి లైన్లే అంత. ఉత్తరమే రాయి.

నీ అక్క

డిసెంబరు 2

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మా ఆవిడ లాక్కుని గట్టిగా చదివింది. రొట్టెల వాసన దగ్గర ఆగి నాకేసి చూసి, "మీరు ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్నారు, ఇలా ఒక్క ముక్క చెప్పారా?" అంది. చూశావా, మంచం మీద ఉన్నవాణ్ణి కూడా వదిలిపెట్టవు.

ఎంత బాగా రాశావో తెలుసా! అరచేతుల్లోకి వేడి రావడం ఉందే, దాని కోసమే నేను చలికాలం వస్తోందంటే చంకలు గుద్దుకుంటాను. ఎండాకాలంలో సైకిలు తొక్కేవాడు పనికి పోతాడు, అంతే. చలికాలంలో తొక్కేవాడు తన పొయ్యి తనే రాజేసుకుంటాడు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళోవాళ్ళు తొక్కుకుంటూ పోతుంటే చూస్తున్నాను. ఏడుపొస్తోంది, నిజంగా.

కానీ అక్కా, నీ ఉత్తరంలో వాసనుంది, రంగుంది, చలుంది. చప్పుడు లేదు. మనిద్దరివీ చెవి ఉద్యోగాలు కదా! నువ్వు పింగాణీ కప్పుల్ని పుల్లతో తట్టి ఏది మంచిదో ఏది పగిలిందో చెబుతావు, నేను సైకిలు చక్రం తిప్పి లోపల ఏ ఇనుప గోళీ అరిగిందో చెబుతాను. నా బండి చప్పుడు వినక పదిహేను రోజులైంది నాకు. అది రాయి. వంతెన దిగేటప్పుడు తొక్కడం ఆపెయ్యి. వెనక చక్రంలోంచి ఫ్రీవీలు కీచురాయిలా టికటికమంటుంది, వింటున్నంతసేపూ మనసు హాయిగా ఉంటుంది. దిగాక వెనక బ్రేకు పట్టు. చలికి రబ్బరు బిగుసుకుని అది అరుస్తుంది చూడు, పక్క వీధిలో కుక్కలు కూడా లేస్తాయి. అదంటే నాకు మహా ఇష్టం. బాగుచేసే చేతులుండి కూడా ఎప్పుడూ బాగుచెయ్యలేదు.

వచ్చే ఉత్తరంలో ఆ అరుపు వినిపించాలి.

నీ తమ్ముడు

డిసెంబరు 9

ఒరేయ్ నాయనా,

నువ్వు చెప్పినట్టే వంతెన మీద తొక్కడం ఆపేశాను. కీచురాయీ లేదు, కప్పా లేదు. జారుతూ దిగిందిరా, నీళ్ళ మీద ఆకులాగ. దిగాక బ్రేకు పట్టాను. బుద్ధిగా ఆగింది. ఏ కుక్కా లేవలేదు. నీ దగ్గర అల్లరి చేసి నా దగ్గరికొచ్చాక మర్యాద నేర్చుకుంది కాబోలు. చిన్నప్పుడు నువ్వు కూడా అంతేగా, అమ్మ దగ్గర వీరంగం, నా దగ్గర పిల్లి.

నిజం చెప్పనా? నాకు ఆ చప్పుడు లేకపోవడమే నచ్చింది. రోజంతా చప్పుళ్ళ మధ్యే కదా బతుకు. ఈ ఇరవై అయిదు నిమిషాలూ ఎవరో లోకాన్ని దూదిలో చుట్టి నా చేతిలో పెట్టినట్టుంటుంది. దీపస్తంభాలు ఒక్కొక్కటే ఎదురొచ్చి వెళ్ళిపోతాయి. నా ఊపిరి నాకంటే ముందు పోతూ ఉంటుంది, దాంట్లోంచి దూరి నేను పోతాను. నిన్న గడ్డి మీద మంచు పేరుకుంది. దాని మీంచి తొక్కాను, కావాలనే, ఎవరూ చూడటం లేదు కదా అని. వెనక్కి తిరిగి చూస్తే ఒకే ఒక్క గీత, అక్కడక్కడా వంకర. ఆ వంకర్లు నావే.

బెల్లు మాత్రం పాడైంది, చలికి గడ్డకట్టినట్టుంది. ఎంత నొక్కినా పలకదు. అయినా జనం తప్పుకుంటారు. ఈ వయసులో సైకిలెక్కిందని జాలిపడతారేమో.

పనిలోనే బాగాలేదు. ఈ ఏడాది కప్పులు ఒట్టి మొద్దుగా పలుకుతున్నాయిరా. నా పని నీకు తెలిసిందేగా. మంచి కప్పుని తడితే ఖంగుమని సాగుతుంది, లోపల వెంట్రుకంత పగులున్నా సరే టప్‌మని చచ్చిపోతుంది. పోయినేడు వందకి అయిదో ఆరో తీసేసేదాన్ని. ఇప్పుడు వందకి ముప్పై, ఒక్కోరోజు నలభై. బట్టీ చూసే పెద్దాయన ఉన్నాడు చూడు, నాకంటే ముందునుంచీ అక్కడే ఉన్నాడు, అరవై దాటాయి. బట్టీ తొందరగా చల్లారనిస్తున్నాడో ఏమో. మొన్న పిలిచి, "ఏమిటిది, ఇలా పగిలిపోతుంటే కాలుస్తున్నారా, కాలక్షేపం చేస్తున్నారా?" అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. చాలా నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేదు. మేనేజరు మాత్రం ఊరుకునేలా లేడు.

కట్టు దురదగా ఉంటే పుల్ల పెట్టి గోకకు. మరదలితో చెప్పి కట్టిస్తాను నీ చేతులు.

నీ అక్క

డిసెంబరు 16

అక్కా,

నీకు దణ్ణం పెడతాను. నా సైకిలుని ఏం చేశావు?

ఫ్రీవీలు టికటికమనకపోవడమనేది లేదు. అది గుండె కొట్టుకోవడం లాంటిది, కొట్టుకోకపోతే బండి నడవదు. వెనక బ్రేకు చలికాలంలో అరవకపోవడమనేదీ లేదు. పదకొండేళ్ళుగా అరుస్తోంది, నీ మొహం చూసి మానేస్తుందా? ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుంటున్నావు కదూ? అదే అయ్యుంటుంది. రేపు టోపీ కాస్త పైకి జరిపి చూడు. లేదంటే ఆ సందు చివర షాపతను నీకు తెలియకుండా గ్రీజు దట్టించేసి ఉండాలి. ఎవడైనా నా బండి మీద చెయ్యేస్తే మాత్రం ఊరుకోను చెప్తున్నా. ఒంటికాలి మీద లేస్తాను. ఉన్నదెలాగూ ఒంటికాలే.

బెల్లు గడ్డకట్టదక్కా. ఇనుప చిప్ప, స్ప్రింగు, రెండు పళ్ళచక్రాలు. గడ్డకట్టడానికి అందులో నీళ్ళేమున్నాయి? మూత విప్పి ఒక చుక్క నూనె వెయ్యి. ఒక్క చుక్క. నువ్వు గరిటె తీసుకుంటావని భయం.

గడ్డి మీద గీత సంగతి బాగుంది. వంకర్లు కూడా బాగున్నాయి. చప్పుడు లేకుండా ఏం తొక్కుతున్నావో గానీ చదువుతుంటే నిద్రలో నడుస్తున్నట్టుంది నాకు. మా ఆవిడ మాత్రం ఈ ఉత్తరాలన్నీ దాచమంటోంది.

ఆ పెద్దాయన మీద మరీ కోప్పడకు. మట్టి మారిందేమో కనుక్కో.

నీ తమ్ముడు

డిసెంబరు 24

తమ్ముడూ,

టోపీ తీశాను. చెవులు గడ్డకట్టాయి తప్ప ఏమీ తేడా లేదు. నూనె వేశాను, ఒక్క చుక్కే. బెల్లు పలకలేదు. ఇంక నన్ను సతాయించకు. పొద్దున్నే లేచి నీ బండి ఆరోగ్యం గురించి రాయడానికా నేను తొక్కుతున్నది?

ఈరోజు ఎంత పొగమంచో! హ్యాండిలు కనిపిస్తోంది, దాని మీద నా చేతి తొడుగులు కనిపిస్తున్నాయి. ముందు చక్రం సగం ఉంది, మిగతా సగం నమ్మకం. దారి తెలుసు కాబట్టి తొక్కుతున్నాను, తెలిసిన దారేనా అనిపిస్తోంది. బేకరీ ముందు ఒక పసుపు పచ్చ వెలుగు, అందులో ఎవరో ట్రే మోసుకుంటూ అటునుంచి ఇటు నడిచారు, అడుగుల చప్పుడే లేదు. గూడ్సు యార్డు గోడ పక్కన వెళ్తుంటే హ్యాండిల్లో ఒక చిన్న వణుకు పుట్టింది. ఏమిటా అనుకునేలోపు నా మోచేతి పక్కనుంచి ఒక పెద్ద లారీ, మబ్బుతునకలాగ, మెల్లగా తేలుతూ వెళ్ళిపోయింది. దాని వెనక ఎర్ర దీపాలు కాసేపు ఉండి కరిగిపోయాయి. నేను ఆగిపోయాను. భయం కాదు. ఇంత పెద్దది ఇంత మెత్తగా ఎలా వెళ్ళగలిగిందా అని.

ఈ చలికాలం అయిపోతే ఏం చెయ్యాలిరా? బస్సెక్కాలంటే మనసొప్పేలా లేదు. ఇంటికీ పనికీ మధ్య నాకంటూ ఒక గది దొరికినట్టుంది. దాంట్లోకి వేరే ఎవరూ రారు.

పనిలో ఆ పెద్దాయన సంగతి ముదిరింది. మేనేజరు అందరి ముందూ ఆయనకి నెల గడువిచ్చాడు. జనవరి ఆఖరుకల్లా పగుళ్ళు తగ్గకపోతే బట్టీ వేరేవాళ్ళకి అప్పగిస్తాడట. ఆయన బట్టీ దగ్గర నిలబడి వేళ్ళు నలుపుకుంటున్నాడు. నాకు అన్నం సహించలేదు ఆ మధ్యాహ్నం. కానీ నేనేం చేసేది? పగిలిన కప్పుని మంచిదని పంపితే ఎవరి చేతిలోనో వేడి టీతో సహా విడిపోతుంది. చెవికి తెలిసింది చెప్పాలి కదా. మట్టి సంగతి అడిగాను, మారలేదన్నారు.

నీ అక్క

జనవరి 2

అక్కా,

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఫరవాలేదు, నేనే తెచ్చుకుని ఉన్నాను.

నువ్వు సైకిలు తొక్కడం లేదు కదూ?

వారం రోజులుగా ఇదే ఆలోచన. చప్పుడు లేని ఫ్రీవీలు. అరవని బ్రేకు. పలకని బెల్లు, దానికి తప్పుకునే జనం. అవన్నీ సర్దుకున్నాను. కానీ మోచేతి పక్కనుంచి లారీ మబ్బులా తేలడమేమిటక్కా? గూడ్సు యార్డు గోడ పక్కన లారీ పోతే ఆ రొదకి పళ్ళు అదురుతాయి. లారీ మబ్బులా పోయేది ఒక్క చోటే. అద్దాలు మూసిన బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి. నువ్వు బస్సులో పోతూ, అద్దం తుడుచుకుని బయటికి చూసి, నాకు సైకిలు కథలు రాస్తున్నావు. మంచం మీద ఉన్న తమ్ముడికి కాలక్షేపం. అంతేనా?

తొక్కకపోతే తొక్కలేదని రాయి. యాభై మూడేళ్ళ మనిషిని మంచులో తొక్కమన్నది నేను, తప్పు నాది. కానీ అబద్ధం ఎందుకు? ఆ ఉత్తరాలు పట్టుకుని నేను రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని నీతో వంతెన దాకా వస్తున్నాను. నా కాలు బాగయ్యేదాకా నాకున్నది అదొక్కటే. అది కూడా బస్సు కిటికీయే అంటే ఎలా?

తమ్ముడు

జనవరి 8

నీ ఉత్తరం అందింది.

చిన్నప్పటినుంచీ నీకు నేను చెప్పిన అబద్ధం ఒక్కటి చూపించు. ఒక్కటి. నీ రెండో తరగతి పలక పగలగొట్టింది నేనే అని కూడా ఆ సాయంత్రమే ఒప్పుకున్నాను.

వేళ్ళు పగిలి, పెదవులు పగిలి, మోకాళ్ళకి రోజూ నూనె రాసుకుంటూ తొక్కుతున్నాను. నాకిష్టమై తొక్కుతున్నాను, కానీ నీకోసమే మొదలుపెట్టాను. మంచి బహుమానం ఇచ్చావు.

నా మాట నమ్మవు కాబట్టి ఈరోజు సైకిలుని సందు చివర షాపతని దగ్గరికి తీసుకెళ్ళాను. "మా తమ్ముడు దీని యజమాని, దీని స్థితి ఉన్నదున్నట్టు రాసివ్వండి" అన్నాను. ఆయన తిప్పి చూసి, నొక్కి చూసి, నావైపు ఒక రకంగా చూసి, చీటీ రాసి కవరులో పెట్టి అంటించి ఇచ్చాడు. నేను చదవలేదు. చదివితే నేనే రాయించానంటావు. ఆ కవరు అలాగే ఇందులో పెడుతున్నాను.

ఇంక సైకిలు గురించి నీకు రాయను.

అక్క

జనవరి 14

అక్కా,

ముందుగా, నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. నువ్వు తొక్కుతున్నావు. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. నాకు తెలిసిపోయింది.

షాపతని చీటీలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "అయ్యా, బండి గట్టిది. గొలుసు ఎండిపోయి బాగా కీచుమంటోంది. ఫ్రీవీలు బాగుంది, గట్టిగా పలుకుతుంది. వెనక బ్రేకు అరుపు గురించి మీకు తెలిసే ఉంటుంది, మేడమ్‌గారు రోజూ ఆరున్నరకి మలుపు తిరిగేటప్పుడు ఆ అరుపుకే మా సందు లేస్తుంది. బెల్లు బ్రహ్మాండంగా ఉంది, మూడిళ్ళ దాకా వినబడుతుంది. బ్రేకు సంగతి చెబుదామని వెనకనుంచి చాలాసార్లు పిలిచాను, ఆవిడ పలకరు. పెద్దమనిషి, కాస్త గర్వం అనుకున్నాం. ఏమీ అనుకోవద్దు."

చదివి నవ్వాను ముందు. బ్రేకు అరుస్తోందని ప్రాణం లేచొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

నీ ఉత్తరాలన్నీ తీసి మొదటినుంచీ మళ్ళీ చదివాను. ఫోన్లో నా గొంతు బావిలోంచి రావడం. పలకని బెల్లుకి జనం తప్పుకోవడం. ఎంత మూర్ఖుణ్ణి! చక్రం చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి, అక్క మాటలు విని చెప్పలేకపోయాను. బండికి జబ్బు అనుకున్నాను, నీకు అబద్ధం అంటగట్టాను. మూడోది ఒకటుందని తోచనే లేదు.

అక్కా, ఎలా రాయాలో తెలియడం లేదు. మా ఆవిడ పక్కన కూర్చుని "రాయండి, మీరు కాకపోతే ఎవరు చెబుతారు" అంటోంది. నీకు సరిగా వినబడటం లేదు. ఎప్పటినుంచో తెలియదు, మెల్లమెల్లగా పోయుంటుంది, అందుకే నీకు తెలియలేదు. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట. డాక్టరు దగ్గరికి వెళ్ళు. రేపే వెళ్ళు. ఆ గోడ పక్కన తొక్కకు, వెనకనుంచి లారీ వస్తే నీకు తెలియదు.

ఇంకొకటి. ఇది రాయకుండా కవరు మూసేద్దామనుకున్నాను. బండి పలుకుతోంది. బెల్లు పలుకుతోంది. మరి కప్పుల సంగతేమిటి?

నీ తమ్ముడు

జనవరి 25

అక్కా,

పదకొండు రోజులైంది. కోపమైతే తిట్టు. రెండు ముక్కలు చాలు, కార్డు ముక్క మీద రాసినా చాలు. పోస్టతను వచ్చే వేళకి నేను కర్రలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్తున్నాను. ఉత్తరం లేదని చెప్పడానికి ఆయనకే మొహమాటంగా ఉంది.

చెప్పకుండా ఉండాల్సిందా?

తమ్ముడు

ఫిబ్రవరి 2

ఒరేయ్ తమ్ముడూ,

కర్రలు పట్టుకుని గుమ్మం దాకా నడవకు, మళ్ళీ పడతావు. ఇదిగో రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని పంచదార డబ్బా కింద పెట్టేశాను. మూడు రోజులు టీలో పంచదార లేకుండా తాగాను. వీడికి కాలు విరిగింది కాబట్టి నాకూ ఏదో ఒకటి విరగాలని చూస్తున్నాడు అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున బెల్లు నొక్కి, దాని చిప్ప మీద వేలు పెట్టాను. వేలికి తెలిసింది, గజగజా వణుకుతోంది. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. కింద ఇంటావిడ తలుపు తీసుకుని వచ్చి, పొద్దున్నే ఆ గోలేమిటి తల్లీ అన్నట్టు చేతులు తిప్పింది.

ఆరోజు పనిలో ప్యాకింగు గదావిడని పిలిచాను. నేను పగులని తీసేసిన కప్పులు ఒక పెట్టెడు, యాభై. నేను ఒక్కొక్కటీ తడతాను, నీకు ఖంగుమంటే చెయ్యెత్తు, అన్నాను. ఆటనుకుంది, నవ్వుతూ నిలబడింది. నేను తడుతున్నాను, ఆవిడ చెయ్యెత్తుతోంది. తడుతున్నాను, ఎత్తుతోంది. నాకు అన్నీ టప్, టప్, టప్. నలభై నాలుగుసార్లు చెయ్యెత్తిందిరా. మధ్యలోనే ఆవిడ నవ్వడం మానేసింది.

ఎన్ని మంచి కప్పుల్ని పారబోయించానో ఈ ఏడాదిలో! బట్టీ దగ్గర ఆ పెద్దాయన వేళ్ళు నలుపుకుంటూ నిలబడితే, నా చెవికి తెలిసిందే చెప్పాలి కదా అని నీకు ఎంత గొప్పగా రాశాను!

బట్టీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన లేడు. గడువు ఇంకా పది రోజులుండగానే మానేసి వెళ్ళిపోయాడట. ఎవరూ పొమ్మనలేదు, తనే వచ్చి, ఇంక నావల్ల కాదని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. బట్టీ చల్లారి ఉంది.

మేనేజరు గదిలోకి వెళ్ళాను. గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగాను, నీకు చెప్పడానికేం. ఎవరికీ తెలియదింకా. ప్యాకింగావిడని బతిమాలితే చెప్పదు. రేపటినుంచి వందకి అయిదారు తీసి పక్కనపెట్టి, మిగతావి కళ్ళు మూసుకుని పంపేస్తే, బట్టీ వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది కాబట్టి బాగుపడిందనుకుంటారు. నా బల్ల నాకుంటుంది. ఇది నాకు తోచింది, ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క నిమిషమూ నాకు గుర్తుంటుంది.

లోపలికి వెళ్ళి చెప్పాను. "ఆయన కాల్చింది బాగానే కాల్చాడు. నాకే వినబడటం లేదు." మేనేజరు కాగితం మీద ఏదో రాసి నావైపు తిప్పాడు, నాకు వినబడదని అప్పుడే అర్థం చేసుకున్నాడు. "అయితే మీరు ఆ బల్ల దగ్గర కూర్చోలేరు కదా" అని ఉంది. "అందుకే చెబుతున్నాను" అన్నాను. ఇప్పుడు నన్ను అంచులకి రంగు గీత దిద్దే గదిలో వేశారు. చేతులు ఇంకా బాగానే ఉన్నాయి.

డాక్టరు చూశాడు. ఎడమ చెవి దాదాపు లేనట్టే. కుడి చెవి సగం. పోయింది తిరిగిరాదు. ఒక మిషను పెట్టుకుంటే కొంత నయమన్నాడు, పెట్టుకుంటాను.

సైకిలు మానమని అడక్కు. షాపతను హ్యాండిలుకి రెండు పక్కలా అద్దాలు బిగించాడు. గూడ్సు యార్డు వైపు వెళ్ళను, కాలవ గట్టు మీద దారి ఉంది, లారీలు రావు. షాపతనికి క్షమాపణ చెప్పాను, గర్వం కాదు బాబూ అని.

ఆదివారం పొద్దున ఆ పెద్దాయన ఇంటికి తొక్కుకుంటూ వెళ్ళాను. ఊరికి అవతలి కొస, గంట పైనే పట్టింది. ఈ చలికాలంలో అంత చలి ఇంకే రోజూ లేదు. చెట్ల కొమ్మలన్నీ తెల్లగా, ఆకాశం ఇంకా తెల్లగా. అదే మెత్తటి లోకం, అదే దూది. అదేమిటో ఇప్పుడు తెలుసు కాబట్టి దాని మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదురా. అందంగానే ఉంది. కళ్ళలో నీళ్ళు మాత్రం చల్లగా చెంపల మీదికి జారుతూనే ఉన్నాయి, చలికో దేనికో. నేను నీకు రాసిందంతా నిజమే. ఎందుకలా ఉందో తెలియలేదు, అంతే.

ఆయన వాకిట్లో కట్టెలు పేరుస్తున్నాడు. నన్ను చూసి గబగబా చేతులు తుడుచుకుని కుర్చీ తెచ్చాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. "మీ కప్పులు మంచివే. చెడిపోయింది నా చెవులు. పరీక్ష చేయించుకున్నాను."

ఆయన అర్థం కానట్టు చూశాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్పేసరికి కట్టెల మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, నేను చూపించిన కుడి చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"బట్టీలోంచి తీసిన ప్రతి కప్పూ నేను తట్టి చూసుకునేవాణ్ణమ్మా. ఖంగుమనేది. మీరు పగులన్నారు. ఇన్నేళ్ళలో మీరు ఒక్క కప్పు తప్పు చెప్పడం నేనెరగను. అందుకని నా చెవులే పోయాయనుకున్నాను. పోయిన చెవులతో బట్టీ దగ్గర ఉండకూడదని వచ్చేశాను."

ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. మెల్లగా ఏదో వెలిగింది ఆయన కళ్ళలో.

"అయితే నాకు బాగానే వినబడుతోందన్నమాట!" అన్నాడు.

పళ్ళన్నీ కనిపించేలా, పసిపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నన్ను చూసి, చటుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. "నవ్వండి, ఫరవాలేదు, నవ్వండి" అన్నాను. ఆయన నవ్వలేదు. నా రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు.

నీ అక్క